ఇసుకలో ఇల్లు కట్టుకునే చేప: జాఫిష్‌ను ఎంచుకోవడం, పెంచడం

పొలం గట్టున ఎండ్రకాయ బొరియ తవ్వడం మీరు చూసే ఉంటారు. మట్టిని గిట్టలతో పట్టి బయట పడేసి, అలికిడి అయితే లోపలికి దూరిపోతుంది. గిట్టలు గానీ చేతులు గానీ లేని చేప ఇదే పని చేయగలదా? చేయగలదు. సముద్రంలో బ్రతికే ఒక చిన్న చేప నోటినే పారగా, నోటినే తట్టగా వాడి ఇల్లు కట్టుకుంటుంది. దాని పేరు జాఫిష్. ఇంగ్లీషులో ‘జా’ అంటే దవడ.

ఉప్పునీటి అక్వేరియం పెట్టాలనుకునే వారిలో చాలామంది ఈ చేపను చూసి ముచ్చటపడతారు. ముచ్చటపడి కొన్న చేప వారం తిరగకుండా తొట్టి పక్కన నేల మీద ఎండిపోయి కనిపించడం కూడా మామూలే. ఇలా ఎందుకు జరుగుతుందో, జరగకుండా ఏం చేయాలో ఈ పాఠంలో తెలుసుకుంటారు. పాఠం చదివాక, ఈ చేపను మీ ఇంట్లో పెంచడం మీకు వీలవుతుందో కాదో మీరే నిర్ణయించుకోగలుగుతారు. వీలు కాదని తేలితే కొనకుండా ఆగడం కూడా మంచి నిర్ణయమే.

ఈ చేప ఎలాంటిది?

జాఫిష్‌లన్నీ ఒపిస్టోగ్నాథిడే అనే కుటుంబానికి చెందినవి. అట్లాంటిక్, హిందూ, పసిఫిక్ మహాసముద్రాల వెచ్చని భాగాల్లో వీటి జాతులు 80కి పైగా ఉన్నాయి. ఒపిస్టోగ్నాథస్ అనే పేరు రెండు గ్రీకు మాటల కలయిక. ‘వెనక్కి ఉన్న దవడ’ అని దాని భావం. చాలా జాతుల్లో పై దవడ ఎముక కంటిని దాటి వెనక్కి సాగి ఉంటుంది. తల పెద్దది, కళ్లు పెద్దవి, నోరు ఇంకా పెద్దది. ఒడలు మాత్రం తోకవైపు పోను పోను సన్నగిల్లుతుంది. మన చుట్టూ ఉన్న సముద్రాల్లోనూ ఇవి లేకపోలేదు. పశ్చిమ హిందూ మహాసముద్రంలో దొరికిన ఒక జాతికి 2012లో శాస్త్రజ్ఞులు ఒపిస్టోగ్నాథస్ పార్డస్ అని పేరు పెట్టారు. లాటిన్‌లో పార్డస్ అంటే చిరుతపులి. ఆ పని చేసిన ముగ్గురిలో భారతీయులు కూడా ఉన్నారు.

అక్వేరియంలలో ఎక్కువగా పెంచేది పసుపు తల జాఫిష్. శాస్త్రీయ నామం ఒపిస్టోగ్నాథస్ ఆరిఫ్రాన్స్. 1905లో జోర్డన్, థాంప్సన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు దీన్ని వర్ణించారు. దీని స్వస్థలం అమెరికాలోని ఫ్లోరిడా తీరం, బహామా దీవులు, కరీబియన్ సముద్రం. పెద్దదైనా 10 సెంటీమీటర్లకు మించదు. తల లేత పసుపు, ఒళ్లు ముత్యం మీద నీలిరంగు పులిమినట్లు ఉంటుంది.

ఇది పగడపు దిబ్బల పక్కన ఇసుక, గులకరాళ్లు, గుల్లల ముక్కలు కలిసిన నేలను ఎంచుకుంటుంది. నోటినిండా ఇసుక తీసుకుని కాస్త దూరంలో ఉమ్మేస్తుంది. ఇలా గొయ్యి చేశాక అసలు పని మొదలవుతుంది. ఒట్టి ఇసుకలో తవ్విన గొయ్యి కూలిపోతుంది కదా! అందుకే ఒక్కొక్క రాయిని నోట కరచి తెచ్చి, బావికి ఒర కట్టినట్లు గోడ చుట్టూ పేరుస్తుంది. రాయి సరిగ్గా కుదరకపోతే తీసి మరొకటి పెడుతుంది. ఇల్లు పూర్తయ్యాక పగలంతా దాని పైన నీళ్లలో తోక కిందికి పెట్టి నిలువుగా తేలుతూ, ప్రవాహంలో కొట్టుకువచ్చే సూక్ష్మ జీవులను పట్టి తింటుంది. పెద్ద చేప నీడ పడితే చాలు, తోక ముందుగా లోపలికి జారిపోతుంది. చీకటి పడేవేళ ఒక రాయినో గుల్లనో ద్వారానికి అడ్డంగా లాక్కుని పడుకుంటుంది.

ఈ వివరాలన్నీ ఎందుకు చెబుతున్నామంటే, చేపల తొట్టి అనగానే మనం నీళ్ల గురించే ఆలోచిస్తాం. జాఫిష్ విషయంలో నీళ్లు ఎంత ముఖ్యమో అడుగున ఉన్న నేల కూడా అంతే ముఖ్యం. ఇల్లు కట్టుకోలేని జాఫిష్ నిలకడగా ఉండదు. మూలలో నక్కుతుంది, తిండి మానేస్తుంది, చివరికి నీళ్లలోంచి ఎగిరి బయటపడుతుంది.

ఏ జాతిని ఎంచుకోవాలి?

దుకాణంలో కళ్లు చెదరగొట్టేది నీలి చుక్కల జాఫిష్. 1991లో దీనికి ఒపిస్టోగ్నాథస్ రోసెన్‌బ్లాటి అని పేరు పెట్టారు. ఇది మెక్సికో దేశపు కాలిఫోర్నియా సింధుశాఖకు చెందినది. నారింజ, గోధుమ రంగుల ఒంటి మీద మెరిసే నీలి చుక్కలు దీని అందం. అయితే ఇది చల్లని నీటికి అలవాటుపడిన చేప. దీనికి 20 నుంచి 23 డిగ్రీల సెల్సియస్ నీళ్లు నప్పుతాయి. మన ప్రాంతంలో ఏడాది పొడవునా నీటిని అంత చల్లగా ఉంచాలంటే చిల్లర్ అనే శీతలీకరణ యంత్రం ఆగకుండా పనిచేయాలి. ధర కూడా ఎక్కువే. మొదటిసారి పెంచేవారు దీని జోలికి పోవద్దని మా సలహా.

ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ వైపు నుంచి వచ్చే ఒపిస్టోగ్నాథస్ రాండాల్లి మరొకటి. ఇది పసుపు తల జాఫిష్ కన్నా బలిష్ఠం, వెచ్చని నీటికి అలవాటుపడింది. అయితే ఒక తొట్టిలో ఒక్కదాన్నే ఉంచాలి, రెండు ఉంటే కొట్లాడుకుంటాయి. పైగా నోటికి పట్టే చిన్న రొయ్యలను మింగేస్తుంది. పసుపు తల జాఫిష్ మాత్రం సముద్రంలోనే గుంపులుగా, ఇరుగుపొరుగు ఇళ్లలా బొరియలు పెట్టుకుని ఉంటుంది. తొట్టి వైశాల్యం చాలినంత ఉంటే రెండు మూడింటిని కలిపి పెంచవచ్చు. కాకపోతే పొరుగువారి రాళ్లు ఒకదానివి ఒకటి దొంగిలించుకుంటాయి! వెచ్చని నీటిలో, సాధు చేపల మధ్య పెంచడానికి ఇదే అనువైనది. ఇకపై ఈ పాఠంలో జాఫిష్ అంటే పసుపు తల జాఫిష్ అనే అర్థం చేసుకోండి.

తొట్టి అడుగు

ఒక్క జాఫిష్‌కు 60 సెంటీమీటర్ల పొడవు, 40 సెంటీమీటర్ల వెడల్పు, 45 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న తొట్టి సరిపోతుంది. ఎత్తు కన్నా అడుగు వైశాల్యం ముఖ్యమని గుర్తుంచుకోండి. అడుగున కనీసం 12 సెంటీమీటర్ల మందంగా నేల పరచాలి. అందులో సగం సన్నని ఇసుక. మిగిలిన సగంలో జొన్నగింజ అంత ముక్కల నుంచి ఉసిరికాయ అంత ముక్కల వరకు కలిసి ఉండాలి. ఒకే సైజు ఇసుక పోస్తే ఎంత లోతు పోసినా ప్రయోజనం లేదు. ఇటుకలు లేకుండా మట్టి ఒక్కటే ఇచ్చి ఇల్లు కట్టమన్నట్లు అవుతుంది.

ఇప్పుడు ఒక చిన్న లెక్క చేద్దాం. నేల ఘనపరిమాణం 60 × 40 × 12 = 28,800 ఘన సెంటీమీటర్లు, అంటే 28.8 లీటర్లు. లీటరు ఇసుక సుమారు 1.5 కిలోలు తూగుతుంది. కాబట్టి మీకు దాదాపు 43 కిలోల ఇసుక, గుల్లల ముక్కలు కావాలి. తొట్టిలో 40 సెంటీమీటర్ల ఎత్తు వరకు నీళ్లు పోస్తే ఇసుకపైన ఉండే నీరు 60 × 40 × 28 = 67,200 ఘన సెంటీమీటర్లు, అంటే 67 లీటర్లు. ఇసుక రేణువుల సందుల్లో మరో 11 లీటర్ల దాకా పడుతుంది. మొత్తం 78 లీటర్లు. అద్దం, రాళ్లు కూడా కలిపితే బరువు సుమారు 150 కిలోలు! రేకు బల్ల మీదో, గోడకు కొట్టిన చెక్క అర మీదో ఇది నిలవదు. ఇద్దరు మనుషులు ఎక్కి నిలబడినా కదలని బల్ల కావాలి.

పెద్ద రాళ్లు అలంకరణగా పెట్టాలనుకుంటే ముందుగా వాటిని తొట్టి అడుగు అద్దంపైనే ఆనించి కదలకుండా పేర్చండి. ఇసుక ఆ తరువాత పోయండి. ఇసుకపైన రాళ్లు పేరిస్తే జాఫిష్ వాటి కిందే తవ్వుతుంది. పునాది కింద గొయ్యి తీసినట్లు రాళ్లు కూలి చేప నలిగిపోతుంది, అద్దం పగలవచ్చు.

ఇసుక ఎక్కడ నుంచి తేవాలి? సముద్రం దగ్గరే కదా, ఒక సంచీ నింపుకుని వద్దాం అనుకోకండి. మన తీరంలో, ముఖ్యంగా భీమునిపట్నం వంటి చోట్ల, ఇసుకలో ఇల్మెనైట్ వంటి ఇనుముతో కూడిన నల్లని ఖనిజాలు కలిసి ఉంటాయి. ఊళ్ల మురుగు, పడవల నూనె కలిసిన ఇసుక కూడా పనికిరాదు. అక్వేరియం దుకాణాల్లో అమ్మే సున్నపు ఇసుక తీసుకోండి. పెద్ద ముక్కల కోసం తినడానికి వాడిన గుల్లల ఖాళీ పెంకులను బాగా ఉడకబెట్టి, కడిగి, ఎండబెట్టి, సుత్తితో నలగ్గొట్టి వాడవచ్చు. వాడి అంచులున్న ముక్కలు ఏరివేయండి, చేప వాటిని నోటితోనే మోయాలి.

పగడాల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. రామేశ్వరం వెళ్లినప్పుడు ఒడ్డున దొరికిన పగడపు ముక్కలు తొట్టికి అందంగా ఉంటాయని ఏరుకొచ్చే వారు ఉన్నారు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద దిబ్బలు కట్టే రాతి పగడాలు, నల్ల పగడాలు, విసనకర్ర ఆకారపు పగడాలు 2001లో మొదటి షెడ్యూలులో చేరాయి. పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది. చచ్చిన ముక్క అయినా సేకరించడం, కొనడం నేరమే. సముద్ర గుర్రాలు కూడా అదే షెడ్యూలులో ఉన్నాయి. మన దేశపు తీరంలో తీసిన ‘జీవశిల’ అని ఎవరైనా అమ్మజూపితే తీసుకోకండి.

నీళ్లు, ఉప్పు, వేడి

వంటింటి ఉప్పు నీళ్లలో కలిపితే సముద్రపు నీరు అవుతుందా? కాదు. వంట ఉప్పు దాదాపు అంతా సోడియం క్లోరైడ్. సముద్రపు నీటిలో మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం, బైకార్బొనేటు వంటివి కూడా ఒక నిర్ణీత పాళ్లలో ఉంటాయి. బంగాళాఖాతం నుంచి బిందెలతో తెచ్చుకోవడమూ నమ్మదగ్గ పద్ధతి కాదు. గోదావరి, కృష్ణ వరదల కాలంలో తీరం దగ్గర ఉప్పదనం బాగా పడిపోతుంది. అక్వేరియం కోసమే తయారుచేసిన సముద్రపు ఉప్పు మిశ్రమాన్ని లీటరుకు 35 గ్రాముల చొప్పున కలపాలి. మన 78 లీటర్లకు 2 కిలోల 730 గ్రాములు కావాలి. కలిపాక హైడ్రోమీటరుతో చూస్తే విశిష్ట గురుత్వం 1.024 నుంచి 1.026 మధ్య ఉండాలి. కుళాయి నీళ్లయితే క్లోరిన్ తొలగించాకే వాడాలి.

చాలామంది ఇక్కడొక పొరపాటు చేస్తారు. రోజూ కొంత నీరు ఆవిరవుతుంది. తగ్గిన మేరకు ఉప్పునీళ్లు పోస్తారు. కానీ ఆవిరయ్యేది నీరు మాత్రమే, ఉప్పు తొట్టిలోనే మిగిలిపోతుంది. ఉప్పు మళ్లలో జరిగేది ఇదే కదా! కాబట్టి ఆవిరైన నీటికి బదులు మంచినీళ్లే పోయాలి. వారం పది రోజులకొకసారి మురికి నీరు తీసి కొత్తనీరు మార్చేటప్పుడు మాత్రం ఉప్పు కలిపిన నీళ్లు పోయాలి.

నీళ్లు పోసిన రోజే చేపను వేయకూడదు. చేప విసర్జించే అమ్మోనియా దానికే విషం. అమ్మోనియాను నైట్రైటుగా, నైట్రైటును అంతగా హాని చేయని నైట్రేటుగా మార్చే బాక్టీరియా ఇసుకలోనూ ఫిల్టరులోనూ స్థిరపడాలి. ఖాళీ తొట్టిలో ఒక పచ్చి రొయ్య ముక్క వేసి, ఫిల్టరు నడుపుతూ నాలుగు నుంచి ఆరు వారాలు ఆగండి. పరీక్షా ద్రావణాలతో చూసినప్పుడు అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నా రావాలి. అప్పుడే తొట్టి సిద్ధమైనట్లు.

ఇక వేడి. జాఫిష్‌కు 24 నుంచి 27 డిగ్రీలు అనుకూలం. డబ్బు ఖర్చు పెట్టకముందే మీరు ఒక పరీక్ష చేయవచ్చు. తొట్టి పెట్టాలనుకున్న గదిలో మే నెలలో ఒక బకెట్టు నీళ్లు వారం రోజులు ఉంచి, రోజూ మధ్యాహ్నం నాలుగింటికి థర్మామీటరుతో చూసి రాసుకోండి. నీటి మీదికి గాలి తగిలేలా చిన్న ఫ్యాను పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. రాయలసీమ, తెలంగాణల పొడి గాలిలో ఇది బాగా పనిచేస్తుంది. కోస్తా ఉక్కపోతలో అంతగా పనిచేయదు. ఫ్యాను పెట్టినా రోజుల తరబడి 30 డిగ్రీలు దాటుతుంటే, చిల్లర్ కొనే స్తోమత ఉంటే తప్ప జాఫిష్ ఆలోచన మానుకోండి.

మూత లేని తొట్టి వద్దు

జాఫిష్ ఎగురుతుంది. ఇల్లు ఇంకా కట్టుకోని మొదటి రాత్రుల్లో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. వెలుగు ఒక్కసారిగా ఆరిపోయినా బెదిరి ఎగురుతుంది. కరెంటు కోతలున్న ఊళ్లలో ఇది చిన్న విషయం కాదు. రాత్రి ఎనిమిదింటికి కరెంటు పోతే దీపమూ పోతుంది, పంపూ ఆగుతుంది. గదిలో దీపం ఉండగానే తొట్టి దీపం ఆర్పడం అలవాటు చేసుకోండి. బ్యాటరీతో నడిచే గాలిపంపు ఒకటి దగ్గర ఉంచుకోండి.

మూతకు గాజుపలక కన్నా వల మేలు, గాలి ఆడుతుంది. చెక్క లేదా ప్లాస్టిక్ చట్రానికి 5 మిల్లీమీటర్లకు మించని కన్నాలున్న ప్లాస్టిక్ వల బిగించండి. ఇనుప జాలీ వాడవద్దు, ఉప్పు తగిలి తుప్పు నీళ్లలో పడుతుంది. వైర్లు, గొట్టాలు దిగే మూలలను కూడా కప్పాలి. వేలు దూరే సందులోంచి జాఫిష్ కూడా దూరుతుంది. సముద్రం దాటి వచ్చిన చేప ఒక మూరెడు వల లేక చావడం కన్నా విచారకరం ఏముంటుంది?

ఆలోచించండి: పై తొట్టిలో వారానికి 12 లీటర్ల నీరు మారుస్తారనుకుందాం. నెలకు (నాలుగు వారాలకు) ఎంత ఉప్పు మిశ్రమం కావాలి?

కొనేటప్పుడు

దుకాణానికి చేప వచ్చిన రోజే కొనకండి. వారం పది రోజులు అక్కడ ఉండి, తిండి తింటున్న చేపనే అడగండి. “మీ ముందే కాస్త మేత వేసి చూపించండి” అనడానికి మొహమాటపడవద్దు. మేత వైపు కళ్లు తిప్పని చేపను ఎంత తక్కువకిచ్చినా తీసుకోకండి. పొట్ట లోపలికి పీక్కుపోయి ఉందేమో పక్కనుంచి చూడండి. దవడల అంచున గీతలు, తెల్లని పుండ్లు ఉన్నాయా? ఈ చేప పనిముట్టు నోరే కాబట్టి నోటికి గాయమైతే ఇల్లు కట్టలేదు, తినలేదు. మొప్పలు ఆయాసంతో కొట్టుకోవడం, ఒంటిపై తెల్లని లేదా గోధుమరంగు పొడి అంటినట్లు కనిపించడం పరాన్నజీవుల లక్షణాలు.

దుకాణదారుడి గురించి కూడా మీకొక ఆధారం దొరుకుతుంది. జాఫిష్ ఉన్న తొట్టిలో ఒక గిన్నెడు గులకరాళ్లో, ఒక గొట్టం ముక్కో వేసి ఉంచాడంటే ఆయనకు చేప సంగతి తెలుసు. ఒట్టి గాజు తొట్టిలో వదిలేసి ఉంటే, మరో దుకాణం చూడటం మంచిది. చేప ఏ సముద్రం నుంచి వచ్చిందో, ఎలా పట్టారో అడగండి. ఆగ్నేయాసియాలో కొన్నిచోట్ల సైనైడు చల్లి చేపలు పట్టే చెడ్డ పద్ధతి 1960ల నుంచి ఉంది. అలా పట్టిన చేప పైకి బాగానే కనిపించి కొన్ని వారాల్లో చచ్చిపోవచ్చు. వలతో పట్టిన చేపకు నాలుగు డబ్బులు ఎక్కువైనా ఇవ్వండి.

తోడు చేపల విషయంలో సూత్రం ఒక్కటే. నెమ్మదైన చేపలు సరే. దూకుడు చేపలు, మేత మీద ఎగబడే చేపలు ఉంటే జాఫిష్ బొరియలోంచి తల బయట పెట్టదు, ఆకలితో చిక్కిపోతుంది. వీలైతే తొట్టిలో మొట్టమొదట జాఫిష్‌నే వేయండి.

మొదటి వారం, మేత

ముందుగా రెండు వారాలు వేరే చిన్న తొట్టిలో ఉంచి జబ్బులేమైనా ఉన్నాయేమో చూడటం మంచి అలవాటు. అక్కడా దాక్కోవడానికి ఒక ప్లాస్టిక్ గొట్టం ముక్క ఉండాలి. సున్నపు ఇసుక మాత్రం వేయకండి. రాగి కలిసిన మందు వాడవలసి వస్తే ఆ ఇసుక మందును పీల్చేసుకుంటుంది.

పెద్ద తొట్టిలోకి సాయంత్రం, మసక వెలుతురులో వదలండి. అంతకుముందే ఇసుకలో ఒక అంగుళం వ్యాసం గల ప్లాస్టిక్ గొట్టాన్ని ఏటవాలుగా పాతి, నోరు మాత్రం పైకి కనిపించేలా ఉంచితే చేపకు తాత్కాలిక నివాసం దొరికినట్లే. కొన్నాళ్లలో దాన్ని వదిలి తనకు నచ్చిన చోట తవ్వుకుంటుంది. నచ్చిన చోటు మీకు నచ్చకపోవచ్చు! అయినా దాన్ని కదిలించకండి. రోజూ ఇల్లు చెడగొడితే చేప క్రుంగిపోతుంది. రెండు మూడు రోజులు కనిపించకపోయినా చేత్తో ఇసుక కెలకవద్దు.

మేత చిన్నదిగా, నీళ్లలో తేలుతూ వచ్చేదిగా ఉండాలి. గడ్డకట్టించిన మైసిస్ రొయ్యలు, పచ్చి రొయ్యను సన్నగా తరిగిన ముక్కలు పనికివస్తాయి. మన కోస్తాలో రొయ్య పిల్లల హేచరీల గురించి తెలిసినవారికి ఆర్టీమియా పేరు కొత్త కాదు. డబ్బాల్లో వచ్చే ఆర్టీమియా గుడ్లను గాలి పంపు పెట్టిన ఉప్పునీళ్లలో వేస్తే ఒక రోజులో పిల్లలు వస్తాయి. కొత్తగా వచ్చి తిండి మానేసిన జాఫిష్‌ను ఊరించడానికి ఈ కదిలే మేత బాగా ఉపయోగపడుతుంది. రోజుకు రెండు మూడుసార్లు, కొద్ది కొద్దిగా, ఒక పొడవాటి గొట్టంతో బొరియకు ఎగువన వదలండి. ప్రవాహమే మేతను దాని నోటి దగ్గరకు చేరుస్తుంది. ఐదు నిమిషాల్లో తినగా మిగిలినది తీసివేయాలి.

నోట్లో గుడ్లు

రెండు జాఫిష్‌లను కలిపి పెంచుతూ, అవి జంట కట్టాయంటే ఒక వింత చూసే అవకాశం మీకు ఉంది. ఆడచేప పెట్టిన గుడ్ల ముద్దను మగచేప నోట్లో పెట్టుకుంటుంది. సుమారు ఒక వారం, పిల్లలు వచ్చేదాకా మోస్తుంది. మధ్యమధ్య నోరు తెరిచి గుడ్ల ముద్దను కాస్త బయటకు తోసి మళ్లీ లోపలికి లాక్కుంటుంది. గుడ్లకు మంచి నీరు, ప్రాణవాయువు తగలడానికే ఇదంతా. ఆ రోజుల్లో మగచేప మేతకు రాలేదని కంగారుపడి మందులు వేయకండి.

పిల్లలు రాత్రిపూట బయటకు వచ్చి నీటి పైభాగానికి చేరతాయి. మామూలు తొట్టిలో అవి బ్రతకవు. ఫిల్టరు లాక్కుంటుంది, లేదా తోటి చేపలే తినేస్తాయి. ప్రత్యేక తొట్టెల్లో సూక్ష్మజీవులను మేతగా ఇచ్చి ఈ పిల్లలను పెంచిన వారు అమెరికాలో ఉన్నారు. సముద్రం నుంచి పట్టినది కాకుండా అలా తొట్టిలో పుట్టి పెరిగిన జాఫిష్ ఎప్పుడైనా దొరికితే దానినే తీసుకోండి. అది తయారైన మేతకు, గాజు గోడలకు ముందే అలవాటుపడి ఉంటుంది.

ప్రశ్నలు

1. జాఫిష్ తొట్టిలో ఒకే సైజు ఇసుక ఎందుకు చాలదు?
2. ఆవిరైన నీటికి బదులు ఉప్పునీళ్లే పోస్తూ ఉంటే నెల తరువాత హైడ్రోమీటరులో ఏ మార్పు కనిపిస్తుంది? ఎందుకు?
3. మీ స్నేహితుడు 90 సెంటీమీటర్ల పొడవు, 45 సెంటీమీటర్ల వెడల్పు గల తొట్టి కొన్నాడు. 12 సెంటీమీటర్ల మందాన నేల పరచడానికి ఎన్ని కిలోల ఇసుక కావాలో లెక్కకట్టండి.
4. మీ గదిలో బకెట్టు పరీక్ష చేసి, వారం రోజుల ఉష్ణోగ్రతలను పట్టికగా రాయండి. ఆ పట్టికను బట్టి మీ గదిలో జాఫిష్‌ను పెంచవచ్చో లేదో రెండు వాక్యాల్లో చెప్పండి.